కుండ నింపి వెళ్లే మనిషి

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. నిజం చెప్పాలంటే వెంటనే ఏడుపు రాలేదు. నాలుగు రోజులుగా ఆసుపత్రికీ ఇంటికీ తిరిగి ఒళ్లు పులిసిపోయి ఉంది. మిగిలిన రెండు హుక్కులూ కుట్టేసి లేచాను.

ఆమె మా నాన్నకు అక్క. నర్సుగా న్యాల్‌కల్, కోహీర్, మొగుడంపల్లి వైపు పల్లెలన్నీ తిరిగింది. తోటివాళ్లు పైరవీలు చేసి బదిలీలు ఆపించుకుంటే, ఈమె అడిగి మరీ వేయించుకునేది. ఒక ఊళ్లో మూడో వానాకాలం వచ్చిందంటే ఇక కాలు నిలిచేది కాదు. కడుపు నిండాక కూడా విస్తరి ముందు కూర్చుంటే ఈగలు ముసురుతాయనేది. రిటైరయ్యాకైనా కుదురుకుంటుందనుకున్నాం. బీదర్‌లో కొన్నాళ్లు, ఉద్గీర్‌లో కొన్నాళ్లు, అన్నీ అద్దె గదులే. మీ అత్తకు ఇల్లు కట్టిస్తే దానికి చక్రాలు కూడా పెట్టించాలని మా ఆయన వెక్కిరించేవాడు. నేను మాత్రం జహీరాబాద్‌లో పుట్టి, రెండు వీధుల అవతలికే కాపురానికి వచ్చినదాన్ని. ఆమె తిరుగుళ్లంటే నాకు కొంచెం కోపం, కొంచెం కుళ్లు.

ప్రతి ఊళ్లో ఒక కొత్త మట్టికుండ కొనేది. గది ఖాళీ చేసే రోజు సామానంతా ఆటోలో ఎక్కించాక, ఒక్కతే వెనక్కి వెళ్లి గది ఊడ్చేది. ఆ కుండలో నిండా నీళ్లు పోసి, ప్లేటు మూసి, దానిమీద గ్లాసు బోర్లించి, గడప బయట పెట్టేది. ఆ తర్వాత వెనక్కి చూసేది కాదు. ఎందుకత్తా ఇదంతా అంటే ఒకటే మాట.

"వచ్చేటోళ్లకు దూపైతది బిడ్డా."

పెళ్లయిన రెండో ఏడే ఆమె అత్తగారింటి నుంచి వచ్చేసింది. అక్కడ ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, ఆమె చేతి మీద కాలిన మచ్చ మాత్రం అందరమూ చూశాం. ఆ ఇంట్లో కూడా నింపి పెట్టావా అని ఒకసారి అడిగాను. "పెట్టిన. నీళ్లేం జేసినయి పాపం?" అంది.

ఒకసారి కోహీర్ నుంచి ఆమె మకాం మార్చినప్పుడు సాయం వెళ్లాను. బస్సు ఊరు దాటగానే చెప్పులు విప్పి, కాళ్లు సీటు మీదికి లాక్కుని, బడి వదిలిన పిల్లలా నవ్వింది. "కొన్ని ఊర్లు రాంగ మంచిగుంటయి, కొన్ని ఊర్లు పోంగ మంచిగుంటయి," అంది. ఇదెట్లాంటిదని అడిగితే మళ్లీ నవ్వింది.

మూడేళ్ల కింద బీదర్‌లో జారిపడి తుంటి విరిగింది. నేనే వెళ్లి తెచ్చి మా వెనక గదిలో పెట్టుకున్నాను. ఇక్కడా ఒక కొత్త మట్టికుండ తెప్పించుకుంది. ఆమె ట్రంకుపెట్టెను సజ్జ మీద పెట్టించాను. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగానే పెట్టె దించమంది. "యాడికి పోతవత్తా, సక్కగ కూసో," అన్నాను. మళ్లీ అడగలేదు. కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సుల కన్నడ బోర్డులు చదువుకుంటూ కూర్చునేది. ఆమెను కనిపెట్టుకుని ఉన్నానని ఊరంతా నన్ను మెచ్చుకుంది. చేసింది కాపలా అని నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు.

ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు ఎందుకో జాలేసి, పెట్టె దించనా అని అడిగాను. "ఇప్పుడెందుకు బిడ్డా, బరువు," అంది. ఆటో హారన్ కొడుతుంటే గోడ పట్టుకుని చెంబుతో కుండలో నీళ్లు పోస్తూ నిలబడింది. కసురుకున్నాను. కుండ జర బయట పెట్టమంటే, గాలికి చల్లగా ఉంటుందనేమో అనుకుని, విసుగ్గానే ఎత్తి బయట పెట్టాను. ప్లేటూ గ్లాసూ తనే సర్దింది.

అంత్యక్రియలయ్యాక పెద్దవాళ్లు ఇంట్లో నీళ్లన్నీ పారబోయమన్నారు, మైల కదా. మట్టికుండైతే బయట పారేయాలన్నారు. బిందెలూ డ్రమ్మూ ఒక్కదాన్నే వంచి, నడుము పట్టేసి, చివరికి వెనక గదికి వెళ్లాను. గది ఊడ్చి ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. గడప బయట నిండు కుండ, మూసిన ప్లేటు, బోర్లించిన గ్లాసు. నా చేత్తో నేనే పెట్టాను. అప్పుడు తెలియలేదు.

అక్కడే గడప మీద కూలబడి ఏడ్చాను. అటునుంచి కుండ ఇంకా పారేయలేదా అని ఎవరో కేకేశారు. గ్లాసు తీసి ముంచుకున్నాను. నాలుగు రోజుల నీళ్లు, ఇంకా చల్లగానే ఉన్నాయి. ఒక గ్లాసు తాగాక ఇంకోటి ముంచుకున్నాను. నాకెంత దూపగా ఉందో అప్పుడు తెలిసింది.