గల్లీలో దొరికిన చుట్టాలు

బోధన్ నుంచి నిజామాబాద్‌కు కాపురం మార్చిన కొత్తలో నాకు ఆ ఊళ్ళో ఎవరూ తెలియదు. పిల్లలు బడికి వెళ్ళాక ఇంట్లో తోచక, కాలినడకన ఊరు చూడటం మొదలుపెట్టాను. రోజూ ఒక కొత్త గల్లీలో తిరిగేదాన్ని.

ఒకరోజు కంఠేశ్వర్ గుడి వెనక, అవతలి రోడ్డుకు దారి ఉంటుందనుకుని ఒక ఇరుకు సందులోకి దూరాను. అది నేరుగా ఒకరింటి వాకిట్లో తేలింది. పందిరి కింద పెళ్ళికూతురికి పసుపు రాస్తున్నారు. వెనక్కి తిరిగేలోపే ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏర్గట్ల నుంచి అస్తున్నవా వదినె? పెండ్లి పిలగాని మేనత్త ఇంక రాకపాయె అని సూస్తున్నం!"

"నేను కాదండీ" అన్న నా మాట నవ్వుల్లో కలిసిపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళకీ, బుగ్గలకీ పసుపు పూసేశారు. అంతలో ఆటో ఆగి అసలు మేనత్త దిగింది! అందరూ నన్నే చూస్తున్నారు.

"దారి తప్పి వచ్చిన" అన్నాను. ఏడుపొక్కటే తక్కువ.

ముందుగా పెళ్ళికూతురే పకపకా నవ్వింది. ఆమె నాయనమ్మ నా భుజం తట్టి, "తప్పిపోతేంది బిడ్డా, మంచి యాళ్లకే అచ్చినవ్. బువ్వ తిని పో. పెండ్లికి గూడ రావాలె" అంది.

పెళ్ళికి మా ఇంట్లో అందరం వెళ్ళాం. ఆ అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గీమె మాకు గల్లీల దొరికిన బిడ్డ" అని వచ్చినవాళ్ళందరికీ చూపించింది. నిజామాబాద్ నా ఊరని మొదటిసారి అనిపించింది ఆ రోజే.