కాయిలు నిండేంత సేపు

స్పార్కు పడ్డ చోట ఒక వాసన వస్తుంది. ఉరుములతో వాన మొదలయ్యే ముందు గాలిలో తేలే వాసన లాంటిది, కాస్త ఘాటుగా ముక్కు చివర గుచ్చుకుంటుంది. నిన్న ఏలూరులో నా షెడ్డుకి వచ్చిన ఒక కారును పరీక్షిస్తుంటే ఆ వాసన తగిలింది. చేతిలో ఉన్న స్కానరు తెర మీద, స్పార్కు పుట్టించే కాయిలు ఎంతసేపు ఛార్జవుతోందో సెకనులో వెయ్యో వంతుల లెక్కన అంకెలు కదులుతున్నాయి. ఆ లెక్కను ఏ తెరా లేకుండా నాకు నేర్పిన మస్తాన్ గారు గుర్తొచ్చి, కారు తెచ్చిన కుర్రాడు హారన్ కొట్టేదాకా అలాగే నిలబడిపోయాను.

తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు రోడ్డులో ఆయనకి ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. రెండువేల దశకం మొదట్లో నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కూడా అయింది. చదువు ఎనిమిదితో ఆగింది. నేను బడి మానేశానని ఊళ్ళో అంటారు గానీ, నన్ను వదిలించుకున్న రోజున మాస్టార్లు మిఠాయి పంచుకున్నారని నా అనుమానం. మస్తాన్ గారు తెల్లటి గడ్డం, మెల్లటి మాట. నేను పది మాటలు మాట్లాడితే ఆయన ఒకటి అనేవారు, అదీ అవసరమైతేనే.

కాయిలుకి కరెంటు కలిపి విడదీసే పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ బళ్ళు మా షాపుకి ఎక్కువగా రావడం మొదలైన రోజులవి. "పాయింట్లే లేకుండా స్పార్కేంటండీ, మంత్రమా?" అన్నాను ఒకరోజు. ఆయన నన్ను షాపు ముందున్న మునిసిపల్ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి చేతికి చెంబిచ్చారు.

"పట్టు. నిండాక ఆ మట్టి మీదకి విసురు." విసిరాను. నీళ్ళు రోడ్డు అవతలి గట్టుదాకా వెళ్ళాయి.

"ఇప్పుడు నేను చప్పట్లు కొడతా. కొట్టినప్పుడల్లా విసరాలి." చప్పట్ల వేగం పెరిగేకొద్దీ చెంబు సగమే నిండేది, నీళ్ళు నా కాళ్ళ దగ్గరే పడేవి. దారిన పోయేవాళ్ళు ఆగి చూడసాగారు.

"కాయిలూ అంతే సత్తిబాబూ. దాన్లో కరెంటు నిండటానికి కాస్త టైము పట్టుద్ది. ఇంజను నెమ్మదిగా తిరిగితే బోలెడు టైము. పరిగెడితే టైము తగ్గుద్ది, స్పార్కు నీరసపడుద్ది."

"అయితే ఎప్పుడూ కుళాయి కిందే ఉంచేద్దామండీ."

"నిండాక ఉంచితే పొర్లుద్ది. కాయిలు వేడెక్కి కాలిపోద్ది. బ్యాటరీ దిగిపోయిందనుకో, కుళాయి ధార సన్నబడినట్టు. అప్పుడేం చెయ్యాలి?"

"మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకోవాలండి."

ఆయన గడ్డంలోనే నవ్వారు. "చెంబు ముందే పెట్టుకోవాలోయ్. పాయింట్ల బదులు లోపలున్న మాడ్యూలు పెట్టె చేసేది అదే. స్పార్కు పడే వేళ దాటకుండా, నింపడం ముందుగా మొదలెడుద్ది. ఆ నింపే సేపునే డ్వెల్ అంటారు."

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. అర్థం కాలేదని తెలిసింది ఒక శుక్రవారం.

మస్తాన్ గారు జుమ్మా నమాజుకి వెళ్ళారు. వెంకన్న అనే డ్రైవరు తన పెట్రోలు వ్యాను నెట్టించుకుంటూ వచ్చాడు. వెనక రెండు పెద్ద డ్రమ్ముల నిండా చేపపిల్లలు. కొల్లేటి వైపు ఒక చెరువుకి అతని మొదటి లోడు అది. అవి బతికి చేరితేనే ఆ చెరువు ఆసామి మళ్ళీ పిలుస్తాడు. నీళ్ళలోకి గాలి కొట్టే చిన్న పంపు వ్యాను బ్యాటరీ మీదే నడుస్తోంది.

కాయిలు పోయింది. పాత సామాను డబ్బాలో అదే సైజుది ఒకటి దొరికితే బిగించేశాను. అది పాయింట్ల బండిదని, నిండటానికి ఎక్కువ సేపు పడుతుందని ఒక్క క్షణం ఆగితే తట్టేది. పంపు చప్పుడు అడ్డొస్తోందని అది ఆపించి, ఇంజను నెమ్మదిగా నిలకడ మీద తిరుగుతుండగా స్పార్కు చూశాను. నీలంగా, చక్కగా ఉంది. "మీ చేపలు పెద్దయ్యాక నాకో పులుసు ముక్క పంపండి వెంకన్న గారూ" అని సాగనంపాను.

మస్తాన్ గారు వచ్చి సంగతి విన్నారు. అరలోకి చూశారు. "ఆ బండికి వెయ్యాల్సిన కాయిలు ఇక్కడే ఉందేంటి?" అన్నారు. నేను స్కూటరు బయటికి తీశాను. ఆయన కాయిలు సంచిలో వేసుకుని వెనక ఎక్కారు.

భీమడోలు ఇంకా రాకముందే రోడ్డు పక్కన వ్యాను కనిపించింది. వెంకన్న మోచేతిదాకా డ్రమ్ములో చెయ్యి పెట్టి నీళ్ళు చిలుకుతున్నాడు, వాటికి కాస్త గాలి అందుతుందని.

"పంపు వేస్తే బండి కొట్టుకుంటోందండీ, పంపు ఆపితే పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయండీ. దేన్ని బతికించమంటారు?" అన్నాడతను.

మస్తాన్ గారు కాయిలు నా చేతిలో పెట్టారు. జుమ్మాకి తొడుక్కున్న తెల్ల జుబ్బా చేతులు పైకి మడిచి రెండో డ్రమ్ము చిలకడం మొదలుపెట్టారు. నేను కాయిలు మార్చాను. ఇంజను, పంపు రెండూ కలిసి నడిచాయి. ఎక్సిలేటరు గట్టిగా తొక్కి చూశాను, ఎక్కడా తడబడలేదు.

"షాపు దగ్గర బాగానే ఉందిగదండీ. ఏమైంది దానికి?" అడిగాడు వెంకన్న.

'కొన్న సరుకే మంచిది కాదండి' అనే మాట నా నాలిక చివరే ఉంది. దానికి తోడు ఒక జోకూ ఉంది. మస్తాన్ గారు నా బదులు జవాబు చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. నీళ్ళు చిలుకుతూనే ఉన్నారు. ఆయన ఒక్క ముక్క అని ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

"దానికేం కాలేదండీ," అన్నాను చివరికి. "నేనే తప్పు కాయిలు వేశాను. పంపు లాగే కరెంటు లెక్కెయ్యకుండా, దాన్ని ఆపి పరీక్ష చేశాను. అదీ నా తప్పే."

వెంకన్న నా ముఖంలోకి చూసి, తడి చెయ్యి తువ్వాలుకి తుడుచుకున్నాడు. "ముందు పిల్లల్ని దింపుదాం, పదండి."

చెరువు దగ్గర డ్రమ్ముల్లోకి చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి అలవాటు చేశాకే వదిలారు. పిడికెడు పిల్లలు చచ్చి తెల్లగా తేలాయి. మిగిలినవి చీకటి నీళ్ళలోకి జారిపోయాయి. ఆ పిడికెడూ నా కళ్ళముందు ఇంకా ఉన్నాయి.

కొన్నాళ్ళకి అదే వ్యాను మళ్ళీ వచ్చింది. మస్తాన్ గారు తానే లేవబోతే వెంకన్న ఆపాడు. "మీరు కూర్చోండి. ఆ తప్పు చేసినాయన చేతే చేయించండి."

"ఎందుకయ్యా?" అన్నారాయన.

"ఆయ్, అదెలా చెడుద్దో ఆయనకి తెలుసు కదండీ. పైగా చెడితే చెప్తారు."

మస్తాన్ గారు పోయి చాలా కాలమైంది. నేను జోకులు మానలేదు. కాకపోతే పని చెడగొట్టిన రోజున ముందు ఆ సంగతి చెప్పి, ఆ తర్వాతే వేస్తాను. చిత్రమేమిటంటే, అప్పుడు జనం ఇంకా ఎక్కువ నవ్వుతారు.