మా సార్ దాచుకున్న టెంకాయ

మదనపల్లె కాలేజీలో నాకు తత్వశాస్త్రం చెప్పిన సార్ మొన్న కుప్పంలో పోయారు. పుంగనూరులో బస్సు కోసం నిలబడి ఉండగా కబురు తెలిసింది. దుఃఖం కన్నా ముందు ఒక బాకీ గుర్తొచ్చింది. ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ ఒకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మన చేతిలో లేనిదానికి కుమిలిపోవద్దన్న గ్రీకు స్టోయిక్కుల గురించి ఆయన చెబుతుంటే క్లాసంతా నవ్వులే. "స్టోయిక్కు అంటే మూతి ముడుసుకోని కూసునేటోడు కాదప్పా. తన్ను సూసి తాను నవ్వుకోలేనోడికి ఓర్పు యాడిది?" అనేవారు. మేము ఎగతాళి చేసేలోగా తన బట్టతల మీద తానే జోకు వేసుకునేవారు.

రెండేళ్ల కిందట, రెండు బోర్లు ఫెయిలయ్యాక, గుడుపల్లె దగ్గర నా చేనులో మూడో బోరు వేయించిన రోజు ఆయన్ని పిలిచాను. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిస్తే, నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందని మా వైపు నమ్మకం. సార్‌ది ఆ రక్తమే. "నాకు నమ్మకం లేదప్పా" అని ఆయన అంటున్నా బతిమాలి నడిపించాను. టెంకాయ నిలబడింది. అక్కడే బోరు దించాం.

ఆరువందల అడుగులు దాటినా దుమ్మే. నీళ్లు పడకపోతే ఆవుల్ని అమ్ముకోవాలి. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి దుమ్ముతో నిలబడ్డ సార్ చేతిలోని టెంకాయను చూసి పకపకా నవ్వారు. "ముప్పై ఏండ్లు గ్రీకు తత్వం చెప్పి, కడాకు టెంకాయ మాట విన్న్యాను సూడప్పా!"

"మీ చేనైతే నవ్వుతారా సార్?" అని అందరి ముందూ అరిచాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. టెంకాయను సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. నీళ్లు పడలేదు, నేను ఆవుల్ని అమ్మేశాను. ఆయనకు మళ్లీ ఫోన్ చేయలేదు.

కుప్పం చేరేసరికి అంతా అయిపోయింది. సార్ భార్యకు ఆనాటి మాట చెప్పుకున్నాను.

"మా చేన్లో నాలుగు బోర్లు ఫెయిలయినాయప్పా. మొదటి దానికి సారు రెండు దినాలు అన్నం ముట్టలే. నాలుగోదానికి నవ్వినారు. నీకు నాలుగో బోరు దాకా టైమియ్యకుండా నవ్వినానే అని బాధపడతాండ్రి."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎత్తినప్పుడు ఎదురుగా అల్మారాలో, గ్రీకు తత్వం పుస్తకాల పక్కన, ఆ టెంకాయ ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపించి సార్ తన మీద తానే నవ్వుకునేవారట. తీసి చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు. నీళ్లు చూపించాల్సిన టెంకాయలోనే నీళ్లు ఎండిపోయాయి.

ఏడుస్తూనే నవ్వేశాను. చావింట్లో ఈ నవ్వేమిటని బంధువులు ఇటు తిరిగారు. ఆమె మాత్రం చెయ్యి చాపింది.

"ఇట్లియ్యప్పా" అని తీసుకుని, తన చెవి దగ్గర కూడా ఒకసారి ఊపి చూసింది.