అద్దాలక్క చేతులు

పరిశోధనశాలలో ఆమెను అందరూ అద్దాలక్క అంటారు. ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో పెట్టే బంగారు పూత అద్దాలకు ఆమే కాపలా. అద్దం మీద కంటికి ఆనని పొర ఉన్నా సరే, కిరణాన్ని బాగా ఏటవాలుగా పంపితే తెరమీద గీత లేచి చెప్పేస్తుంది. అందుకే అద్దం దగ్గర అక్క ఊపిరి బిగబట్టే మసులుతుంది. ఎవరికైనా తుమ్ము వచ్చేలా ఉంటే కళ్లతోనే గుమ్మం చూపిస్తుంది. కడిగి కడిగి చేతులు బీటలు వారాయి, అయినా పనిరోజుల్లో వాటికి క్రీమ్ తగలనివ్వదు. "ఆ అద్దాల మీదున్న ప్రేమ నీ చేతుల మీద లేదే" అని భర్త రోజూ సణుగుతాడు.

ఆవేళ గీత రెండుచోట్ల లేచింది. ఎనిమిది నెలలుగా అద్దం మీద పొర పట్టించలేక ముఖం వాడిపోయిన పరిశోధక పిల్ల ఎగిరి గంతేసింది. "అక్కా, వచ్చేసింది! సార్‌కి ఫోన్ చేసేస్తున్నా!" ఆ రెండు మొనలూ అక్కకు పాత చుట్టాలే, జిడ్డు తగిలితే లేచేవి. తన చేతులు చూసుకుంది. పొద్దున్న బస్సులో భర్త భుజమ్మీద కునుకు తీసి లేచాక, రోజూ మండే చేతులు మండలేదు. ఎందుకా అని ఆలోచించనే లేదు. చేతి తొడుగులు వేసుకునేటప్పుడు వేళ్లు వాటి పైన తగిలి, ఆ జిడ్డే అద్దానికి అంటుంటుంది. పిల్ల నవ్వు చూస్తే చెప్పబుద్ధి కాలేదు, కానీ చెప్పింది. "ఫోన్ పెట్టెయ్ తల్లీ. అది నీ పొర కాదు. మా ఆయన." బస్సులో తను నిద్రపోతుంటే ఆయన చేతులకు క్రీమ్ రాసేసుంటాడన్న సంగతంతా విని ఆ పిల్ల ఏడవబోయి నవ్వేసింది. అద్దం కడగడానికి వెళ్తూ అక్క గుమ్మంలో ఆగింది. "రేపు మళ్లీ మొదలెడదాంలే. ముందు ఆ గీత ఒకటి ప్రింటు తీసిపెట్టవే, ఇంటికి పట్టుకెళ్తాను."