శకుంతల వదిన పెట్టిన క్యాంపు

మే నెల రెండో శనివారం, పొద్దున ఆరుంబావుకు కల్పగూర్‌లో ఆటో ఎక్కాను. చేతిసంచిలో ఒక చీర, ఆధార్ కార్డు, కళ్లద్దాల డబ్బా, నాలుగు మామిడిపండ్లు. కళ్లు చూపించుకుని, మనవరాలు మేఘనను వెంటబెట్టుకుని రావడం నా పని.

మేఘన నా కూతురు సుజాత బిడ్డ. ఎనిమిదేళ్లది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో పది రోజులు మా ఊళ్లో నా దగ్గర ఉంటుంది. మిగతా ఏడాదంతా బీరంగూడలో వాళ్ల నానమ్మ శకుంతల దగ్గర. పది రోజులు నావి, మిగిలినవన్నీ ఆమెవి. ఈసారి ఫోన్ చేస్తే పిల్ల అన్న మాట ఇది: "అమ్మమ్మా, నేను రాను. నానమ్మ క్యాంప్ పెట్టింది. నేను లేకపోతే నానమ్మకు కష్టం."

మా ఊళ్లో క్యాంపు అంటే ఒక్కటే. బడిలో బెంచీలు పక్కకు జరిపి, డాక్టర్లు వచ్చి కళ్లు చూసేది. శకుంతల వదిన తన ఇంటి దగ్గర అలాంటిది పెట్టించి ఆపరేషన్ చేయించుకుందనీ, చుక్కల మందు వేయడానికి పిల్లను ఆపుకుందనీ అనుకున్నాను. కుళ్లు పుట్టింది. దాచి ఏం లాభం. ఆమె ఒక్కదానికేనా కళ్లు ఉన్నది? నేనూ చూపించుకుంటాను, నాకూ చుక్కలు రాస్తారు, అవి వేయడానికి మేఘన మా ఊరు వస్తుంది. ఇదీ నా ఆలోచన.

సంగారెడ్డి కొత్త బస్టాండులో ఏడు గంటల ఐదు నిమిషాలకు పటాన్‌చెరు బస్సు దొరికింది. ఆడవాళ్లకు సున్నా టికెట్. పోదలచినవాళ్లు ఆధార్ మరిచిపోవద్దు. ఏడున్నర దాటితే కంపెనీల జనంతో నిలబడే జాగా కూడా ఉండదు. బోర్డు నేనే చదివి ఎక్కాను. యాభై రెండేళ్లు వచ్చేదాకా బస్సును రంగు చూసి, కండక్టరు కేక విని ఎక్కినదాన్ని. మా మహిళా సంఘం పంతులమ్మ దగ్గర పది నెలలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి బస్సులో కునుకు పట్టదు. 'హెల్పర్లు కావలెను', 'గది కిరాయికి ఇవ్వబడును' అని గోడల మీద ఏది కనబడితే అది చదువుతూ పోతాను.

రుద్రారంలో ఒక బిహారీ పిల్ల చంకన రెండేళ్ల బిడ్డతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీలు అడ్డం తిరిగి బస్సు ఇరవై ఐదు నిమిషాలు కదలలేదు. చంటిది ఏడుపు అందుకుంది. తల్లి ఫోన్ తీసింది. అందులో చార్జింగ్ లేదు. నేను రుమాలు మడిచి, చుట్టి, ఒక కొస తోకలా లాగి ఎలుకను చేశాను. అరచేతిలో పెట్టుకుని వేళ్లతో వెనక నుంచి ఎగదోస్తే అది మోచేతిదాకా ఉరుకుతుంది. చంటిది ఏడుపు ఆపి నోరు తెరిచింది.

"మేరీ నానీ భీ బనాతీ థీ" అంది తల్లి. వాళ్ల అమ్మమ్మ కూడా చేసేదట.

"నువ్వు డ్యూటీకి పోతే బిడ్డను ఎవరు చూస్తరు?"

"రూమ్ పక్కన ఆంటీ. టీవీ పెడ్తది."

మొహం ఎరగని ఆ ఆంటీ మీద కూడా నాకు కొంచెం కుళ్లు పుట్టింది. టీవీ పెట్టి కూర్చున్నదానికి రోజంతా పిల్ల దొరుకుతుంది.

ఎనిమిదిన్నరకు పటాన్‌చెరులో దిగి రెండు ఇడ్లీలు తిని చాయ్ తాగాను. అక్కడి నుంచి సిటీ బస్సులో బీరంగూడ కమాను దగ్గర దిగేసరికి తొమ్మిదీ పది. అక్కడి నుంచి పది నిమిషాల నడక.

సుజాత వాళ్లది మూడంతస్తుల అపార్ట్‌మెంటు. కింద పార్కింగులో బండ్లన్నీ బయట పెట్టించి, చాపలు పరిచి పదకొండు మంది పిల్లలను కూర్చోబెట్టారు. నడుమ కుర్చీలో శకుంతల వదిన. పిల్లలు బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి పాత క్యాలెండర్ల వెనక పూలు అద్దుతున్నారు. మేఘన చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"డాక్టర్ ఎప్పుడొస్తడు వదినె?" అని అడిగాను.

"ఏ డాక్టర్?"

"కండ్ల డాక్టర్. క్యాంపు పెట్టినవంట గద."

సుజాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మా, ఇది పిల్లల క్యాంప్. సెలవుల్ల ఆటలాడిపిచ్చేది."

"ఆధార్ కార్డు గూడ తెచ్చినట్టుంది మీ అమ్మ" అంది శకుంతల నా సంచి వైపు చూసి. "పేరు రాసుకో మేఘనా. పన్నెండో పిల్ల."

పిల్లలందరూ నవ్వారు. మేఘన కూడా నవ్వింది. మిగతా పదిమంది నవ్వితే నాకేమీ కాలేదు.

నేను ఒక మూల కూర్చుని ఆమె ఆటలకు వంకలు వెతికాను. వండుకునే బెండకాయను రంగులో ముంచుతారా అన్నాను. "ముదురువి వదినె, కూరకు రావు" అంది. కోడిగుడ్ల అట్టలు పరిచి, గుంటల్లో అంకెలు వేసి, దూరం నుంచి గోలీలు వేయించింది. గోలీ పడిన అంకెలన్నీ ఎవరివి వాళ్లే కూడుకోవాలి. చిన్నవాళ్లకు గోలీలు ఇస్తే మింగరా అన్నాను. చిన్నవాళ్లకు నిమ్మకాయలు ఇచ్చింది. ఏది అన్నా జవాబు ఉంది ఆమె దగ్గర.

నా ఆట నేను చూపిద్దామని బయట ఐదు గులకరాళ్లు ఏరుకొచ్చి కచ్చకాయలు మొదలుపెట్టాను. ఒకటి ఎగరేసి, అది కింద పడేలోపు రెండు అందుకోవడం చూసి ఆడపిల్లలు నా చుట్టూ మూగారు. మేఘన నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. పది నిమిషాలు నా రాజ్యం నడిచింది.

అంతలో వదిన ఫ్రిజ్‌లో నుంచి గిన్నెలు తెచ్చింది. ప్లాస్టిక్ ఆవులు, గుర్రాలు నీళ్లలో వేసి గడ్డకట్టించిందట. ఒక్కొక్కరికి ఒక్కో గడ్డ. ఉప్పు చల్లుతూ, గోరువెచ్చని నీళ్లు చుక్క చుక్క పోస్తూ ఆవును విడిపించాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో చేతికి చల్లటి ఆట. గంటసేపు పార్కింగులో సద్దు లేదు. నా గులకరాళ్లను నేనే సంచిలో వేసుకున్నాను.

రెండింటికి పప్పుచారు, వడియాలతో భోజనం. అల్లుడు కంపెనీలో షిఫ్టుకు పోయాడు. తింటూ సుజాతతో, సాయంత్రం పిల్లను తీసుకుపోతానని చెప్పాను. "అది వస్తనంటే తీస్కపో అమ్మా" అంది. మేఘన పళ్లెంలోకి చూస్తూ తింటోంది.

మూడింటికి చీటీల ఆట. చీటీ మీద రాసింది చదివి, అందులో చెప్పిన చోటికి ఉరకాలి. అక్కడ ఇంకో చీటీ దొరుకుతుంది. అలా ఏడు దాటితే చివర పల్లీపట్టీల డబ్బా. రాసేది మేఘన, దాచేది శకుంతల. దాచేటప్పుడు చూడకుండా పిల్లలను మెట్ల మీద కూర్చోబెట్టారు. వదిన చేతిలో ఉన్న చీటీలను నేను లాక్కుని చూశాను. మొదటిదాని మీద 'పూలకుండీ కింద చూడు' అని ఉంది, మూలకు చిన్నగా చెప్పు బొమ్మ ఉంది. రెండోదాని మీద 'బకెట్టులో చూడు' అని ఉంది, మూలకు పూలకుండీ బొమ్మ ఉంది. పొద్దుటి నుంచి వెతుకుతున్న తప్పు దొరికింది నాకు.

"మేఘనా, కుండీ అని రాసి చెప్పు గీసినవేంది? బకెట్ అని రాసి కుండీ గీసినవ్. మీ నానమ్మ జూసుకోలేదా? గిదేనా క్యాంపుల నేర్పేది?" అని మెట్ల దాకా వినబడేట్టు అడిగాను.

సుజాత ఇటు తిరిగింది. శకుంతల వదిన చీటీల వైపు చూడలేదు. మేఘన వైపు చూసింది. మేఘన ఆమె వైపు చూసింది.

ఆ చూపు నాకు తెలుసు. బ్యాంకులో కాగితం ముందు పెడితే యాభై రెండేళ్లు నేను పక్కవాళ్లను చూసిన చూపు అది. చెప్పు బొమ్మ ఆట కోసం వేసింది కాదు. ఈ చీటీ చెప్పుల దగ్గర దాచాలని గుర్తు. చదువు వచ్చినవాళ్లకైతే ఆ మూల 'చెప్పుల దగ్గర' అని రాస్తే సరిపోయేది. పుట్టినప్పటి నుంచి పట్నం పక్కన ఉన్న శకుంతల వదినకు అక్షరం రాదు. పదకొండేళ్ల వియ్యంలో నేను కనిపెట్టలేదు.

ఒక్క మాట అంటే చాలు, ఆమె కుర్చీ దిగేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా.

"నా కండ్లే బాగలేవు" అన్నాను. "అద్దాలు మార్వాలె. దాసుకో వదినె."

పిల్లలు మళ్లీ నవ్వారు. ఆట నడిచింది.

నాలుగున్నరకు వంటింట్లో మేఘనను పట్టుకున్నాను. "నీకు ఎప్పటి సంది ఎరుక?"

"ఒకటో క్లాస్ నుంచి. నా బుక్ తలకిందులు పట్టుకుంది."

"అమ్మకు?"

"తెల్వదు. చెప్పనని నానమ్మకు ఒట్టేసిన. నేను ఊరికొస్తే చీటీలు ఎవరు రాస్తరు అమ్మమ్మా? అందరికి తెలిసిపోతది" అంది.

అప్పుడు నాకు కలిగిన కుళ్లు ముందు పొద్దుటిది ఏపాటిదీ కాదు. బెండకాయలు, మంచుగడ్డలు నేనూ తేగలను. కానీ వాళ్లిద్దరి నడుమ ఒక గుట్టు ఉంది. నాకు చదువు వచ్చినందుకు మొదటిసారి బాధపడ్డాను. పంతులమ్మ దగ్గరికి పోకుండా ఉండి ఉంటే, నా చీటీలు కూడా ఈ పిల్లే రాసేది కదా.

ఐదుంబావుకు శకుంతల వదిన నన్ను బస్సెక్కించడానికి కమాను దాకా వచ్చింది. బస్సు కోసం నిలబడ్డాక, "సుజాతకు చెప్తవా?" అంది.

"సెప్తే నాకేమొస్తది."

"నీకు ఒచ్చు గదా అని నీ ముంగట ఎప్పుడు సరిగ కూసోలే నేను. నువ్వు ఉత్తరం రాసినవంటే కడుపు మండేది."

నా మీద కూడా ఒకరికి కుళ్లు ఉందని అప్పుడు తెలిసింది. కొంచెం సంతోషమైంది.

"నేర్సుకో" అన్నాను.

"అరవై దాటినంక ఎవరు నేర్పుతరు? నీకు పంతులమ్మ దొరికింది."

"నీకు ఇంట్లనే ఉన్నది."

ఆ మాటతో నా పది రోజులు పోయాయని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అన్నాక ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. బస్సు వస్తే ఎక్కాను.

పటాన్‌చెరులో బస్సు మారితే కిటికీ పక్క సీటు దొరికింది. ముత్తంగి దగ్గర కంపెనీల బస్సులు వరుసగా ఎదురొచ్చాయి. పిల్లలను ఆడించే తీరు చూడాలంటే ఆ పార్కింగుకు పోయి రావచ్చు, దండగ కాదు. మంచుగడ్డల ఆట మీ ఇండ్లలో ఈ ఎండల్లోనే ఆడించండి. శకుంతల వదిన నాకంటే బాగా ఆడిస్తుంది. ఇది రాయడానికి నాకు చేయి రాలేదు, అయినా రాశాను. ఇంటికి చేరేసరికి ఏడున్నర. నాలుగు మామిడిపండ్లూ సంచిలోనే ఉన్నాయి, ఇవ్వడం మరిచాను.

పన్నెండు రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసింది. సుజాతకు తనే చెప్పుకుందట. మేఘన రోజూ గంట కూర్చోబెడుతోందట, తప్పు రాస్తే వేలి మీద కొడుతోందట. ఆ దెబ్బల గురించి చెబుతూ నవ్వుతోంది. ఈ ప్రయాణం సంఘం పత్రికకు రాస్తున్నానని చెబితే, "అంత రాయి, దాసకు. నా పేరు నేనే సదువుకుంట" అంది. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు విడిగా రాయమంది. ఒత్తులు ఇంకా రావట, ఒత్తులున్న పేర్లు చివరకు పెట్టమంది. ఆమె చెప్పినట్టే పెట్టాను. అందుకే నా పేరు అన్నింటికన్నా కింద ఉంది.

శకుంతల. మేఘన. సుజాత. అఖిల. మధు. సాయి. కావేరి. గౌతమి. నిహారిక. రాహుల్. వర్షిత్. రిత్విక్. లక్ష్మి. మాణెమ్మ.