జొన్నపిండిలో దిగిన స్టెప్నీ కొలత

మొన్న మా అల్లుడు కొత్త కారు తెచ్చి డిక్కీ తెరిచి చూపించాడు. స్టెప్నీ ఏదయ్యా అంటే, ఇప్పుడు ఇవ్వడం లేదు మామా, పంక్చరైతే టైరులో ఎక్కించే మందు సీసా ఇస్తున్నారని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, ఒక్క స్టెప్నీ కోసం ఖిల్లా ఘణపూర్‌కూ వనపర్తికీ మధ్య బస్సుల్లో తిరిగిన రోజులు గుర్తొచ్చి ఆ పూట మరే పనీ సాగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఘణపూర్ దగ్గర మా అక్క కౌలు చేలో పల్లికాయ పీకి కుప్పలు పెట్టింది, పైన మబ్బులు కమ్ముతున్నాయి, తడిస్తే ఆ ఏడాది కష్టమంతా బురదపాలే. సరిగ్గా అప్పుడే మా చిన్న ట్రాలీ చక్రం డిస్కు చీలిపోయింది, స్టెప్నీ అంటూ మాకెప్పుడూ లేదు, ఊళ్లో మిగతా ట్రాలీలన్నీ ఎవరి చేలల్లో వాళ్లవి తిరుగుతున్నాయి. నాకు తెలియనిదేముందని టైరు నంబరు అరచేతిలో రాసుకుని వనపర్తి పోయి, పాత సామాన్ల దుకాణంలో అదే నంబరు చక్రం కొని, బస్సు మీద వేయించుకుని దర్జాగా వచ్చాను. తీరా చూస్తే డిస్కు రంధ్రాలు బోల్టులకు కుదరలేదు. మా ట్రాలీని వెల్డింగ్ మేస్త్రీ ఏదో పాత జీపు ఇరుసుతో చేశాడన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అక్క జొన్నపిండి గట్టిగా పిసికి, సత్తు పళ్లెంలో పరిచి, బోల్టుల మీద అదిమి అచ్చు తీసి, ఎండి పగలకుండా తడిగుడ్డ కప్పి నా చేతిలో పెట్టింది. "ఈసారి నోటితోని చెప్పకు తమ్మీ, దీన్నే చూపియ్యి" అంది. బస్సులో పక్కాయన అది నా సద్ది అనుకుని, తినడానికి వీలుగా జరిగి చోటిచ్చాడు.

దుకాణం చాచాకు అక్క పల్లికాయ సంగతంతా చెప్పి అచ్చు చూపించాను. చూసి పకపకా నవ్వాడు. "నంబర్ అందరు తెస్తరు బిడ్డా, గిట్ల కొలత ఎవ్వరు తెస్తరు?" అంటూ ఒక్కొక్క డిస్కునూ పిండి మీద ఆనించి చూసి, మధ్యలో నమాజుకు వెళ్లొచ్చి మళ్లీ కుప్పంతా తిరగేసి, సరిపోయేదాన్ని పట్టి ఇచ్చాడు. మర్నాడు చివరి ట్రాలీ పల్లికాయ ఇంట్లో దింపుతుండగా వాన మొదలైంది, అక్క వాకిట్లో తడుస్తూ నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఆ దుకాణం ముందు నుంచి పోతుంటే చాచా రోడ్డు మీదికొచ్చి ఆపాడు. చక్రం సంగతి అడగలేదు. "మీ అక్క పల్లికాయ ఇల్లు చేరిందా?" అన్నాడు. ఇప్పుడు ఫోనులో ఫోటో చూసి ఏ చక్రమైనా ఇంటికే తెప్పించుకుంటున్నాం, సుఖంగానే ఉంది, కాదనను. ఆ దుకాణమూ లేదు, చాచా కూడా లేడు. అయినా వనపర్తిలో అక్కడికి రాగానే, ఎవరో ఆపి అడుగుతారన్నట్టు, నా నడక ఇప్పటికీ కొంచెం నెమ్మదిస్తుంది.