ఎదురంగడి టేపు

ఎదురంగడి ఆమెతో నాకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. కారణం ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను.

మాది పామిడి. ఇద్దరమూ జాకెట్లు కుట్టేవాళ్లమే. మా రెండంగళ్ల మధ్య ఒక ఆటో పట్టేంత సందు ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఒక బుధవారం ఉదయం నేను కుట్టిన జాకెట్టు ఒకటి సరిచేయించడానికి ఆమె దగ్గరికి వెళ్లింది. ఆమె దాన్ని లోపలి వైపు తిప్పి, ముగ్గురు గిరాకీల ముందర, "ఈయమ్మ ఏది కుట్టినా చంక కాడ పట్టేస్తాది" అన్నది. ఏది కుట్టినా, అన్నది. ఆ ఒక్క జాకెట్టు పట్టేసిన మాట నిజమే. పెళ్లిళ్ల రోజుల్లో తొందర మీద కత్తిరించినది. మిగతావాటి సంగతి ఆమెకు ఎట్లా తెలుసు? ఆ ముగ్గురు గిరాకీల్లో ఇద్దరు ఇప్పుడు ఆమె దగ్గరే కుట్టించుకుంటున్నారు. వాళ్లెవరో నాకు తెలుసు. వాళ్ల కొలతలు ఇప్పటికీ నా పుస్తకంలో ఉన్నాయి.

మా వైపు మాటల్లేవంటే నోరు మూసుకుని ఉంటామని కాదు. ఎదుటి మనిషికి చెప్పాల్సింది మధ్యలో ఉన్న మనిషికి చెబుతాం. మనిషి లేకపోతే మేకకు చెబుతాం. మేక కూడా లేకపోతే గోడకు చెబుతాం. "నీళ్లన్నీ మా గడప లోపలికి వస్తాండాయి" అని ఆమె తన మిషనుతో అంటే, "వానే లేని ఊర్లో నీళ్లు యాడివో" అని నేను నా కత్తెరతో అనేదాన్ని. తొమ్మిదేళ్లు ఇట్లా బాగానే జరిగింది.

వేరుశనగ విత్తే రోజుల్లో నా నడుము బిగుతయింది. ముప్పై నాలుగు ఉండేది, ముప్పై అయిదు అయింది. నా కొలతలు పుస్తకం మొదటి పేజీలోనే ఉంటాయి. తన జాకెట్టు తనకు సరిపోని మనిషి ఊరివాళ్లకు ఏం కుడుతుందని నా అభిప్రాయం. కుట్లు విప్పి వదులు చేసుకున్నాను. మరుసటి నెల మళ్లీ విప్పాను. నేను కుట్టే ప్రతి బట్టకూ లోపల రెండంగుళాలు వదులుతాను. ఎదురంగడి ఆమె ఒకటే వదులుతుంది. అది పిసినారితనమని పదిమందికి చెప్పాను. నా రెండంగుళాల గురించి కూడా పదిమందికి చెప్పాను. ఆ రెండంగుళాలే నన్ను నాలుగు నెలలు డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఆపాయి. ఒక అంగుళమే వదిలి ఉంటే రెండు నెలల ముందే బట్ట అయిపోయేది.

నాలుగు ముద్దలు సంగటి తినే నేను ఒక్క ముద్దకే చాలనడం మొదలుపెట్టాను. మా ఆయన గ్యాసు అన్నాడు. ఆయన గొర్రెల బేరం చేస్తాడు. గొర్రెను నడుము పట్టి ఎత్తి ఎన్ని కిలోలో చెబుతాడు, కిలో కూడా తేడా రాదు. ఇంట్లో మనిషి సంగతి వచ్చేసరికి గ్యాసు. మా ఆడబిడ్డ ఒక శుక్రవారం వచ్చి, "బాగా ఒళ్లు చేసినావే వదినా! అంగడి బాగా జరుగుతాండాదేమో" అన్నది. ఆ రోజు నేను ఆమెకు కాఫీ ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆ తర్వాతి వారం ఒక టీచరమ్మ జాకెట్టు కొలతలకు వచ్చింది. ఆమె రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంది, నా టేపు ఆమె చుట్టూ ఉంది. అప్పుడు ఎదురంగడి నుంచి గొంతు వినిపించింది.

"టీచరమ్మా, ఆయమ్మకు చెప్పు. చేతులు చూస్తే చీపురు పుల్లలు, కడుపు చూస్తే కడవ. ఒళ్లొచ్చేదైతే ముందు చేతులకొస్తాది. ఇది ఒళ్లు కాదు. డాక్టరుకు చూపించుకోమను."

"టీచరమ్మా, ఎవరి కడుపు వాళ్లు చూసుకోమని చెప్పు" అన్నాను.

"నేను చెయ్యి దించొచ్చా?" అన్నది టీచరమ్మ.

పట్టపగలు, గిరాకీ ముందర, నా ఒంటికి పేరు పెట్టింది. ఆ మాటను పాత బుధవారం మాట పక్కన పెట్టుకున్నాను. అంగడి మూసేముందు, ఆమె మాట తప్పని తేల్చడానికి నా చెయ్యి కొలుచుకున్నాను. పుస్తకంలో పదకొండున్నర ఉంది. టేపు పది చూపించింది. రెండోసారి కొలిచినా పదే. నా పుస్తకం, నా టేపు, రెండూ ఆమె పక్షమే.

అనంతపురం వెళ్లాం. స్కానింగుకు ముందు లీటరున్నర నీళ్లు తాగి ఆపుకోమన్నారు. నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊరి నుంచి వచ్చినదాన్ని, ఒక్కసారిగా అన్ని నీళ్లు తాగడం నా జన్మలో అదే మొదలు. నా వెనక వచ్చిన ఒకామె ముందు లోపలికి పోయింది. ఎర్ర అంచు చీర, మెడ వెనక పుట్టుమచ్చ. మళ్లీ కనిపిస్తే గుర్తుపడతాను.

డాక్టరమ్మ నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉంది?"

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు ఏం చేశారమ్మా?"

"కుట్లు విప్పుకున్నాను."

ఆమె అది రాసుకోలేదు. అండాశయం మీద గడ్డ ఉందని చెప్పింది. టెంకాయంత ఉందట. కడుపులో నీరు కూడా చేరిందట. రక్తపరీక్షలో ఒక అంకె ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందట. "క్యాన్సరు కావచ్చు, కాకపోవచ్చు. ఆపరేషను చేసి, గడ్డ తీసి, పరీక్షకు పంపితే తప్ప చెప్పలేం" అన్నది.

నేను గిరాకీకి జాకెట్టు చేతికిచ్చి, పట్టవచ్చు పట్టకపోవచ్చు అంటే ఊరుకుంటారా? ఈ మాట డాక్టరమ్మతో అనలేదు. బయట వరండాలో మా ఆయనతో అన్నాను. ఆయన తల ఊపాడు. కాసేపటికి చూస్తే అక్కడి కుర్చీ అంచును, గొర్రె నడుమును పట్టినట్టు, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

నాకు యాభై రెండేళ్లు. భయమేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంకా భయమేసింది.

ఆడవాళ్ల వార్డులో తోడు ఉండటానికి ఆడమనిషే కావాలన్నారు. నాకు ఉన్నది ఒక్క కొడుకు. నేనొస్తానని మా ఆడబిడ్డ మాటిచ్చింది. చేరాల్సిన రోజు పొద్దున ఫోను చేసి, "నాకు ఆస్పత్రి వాసన పడదు వదినా, కండ్లు తిరుగుతాయి" అన్నది. ఆస్పత్రి వాసన ఎవరికి పడుతుందో నాకు తెలియదు. నేను మంచం మీద కూర్చుని ఉంటే మా ఆయన వార్డు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి అడుగుపెట్టినప్పుడల్లా వార్డు ఆయా బయటికి పొమ్మంటోంది.

మధ్యాహ్నం ఎదురంగడి ఆమె వచ్చింది. చంకలో చాప, చేతిలో క్యారియరు. నా వైపు చూడకుండా నా మంచం కింద చాప పెట్టింది. నర్సు కాగితం తెచ్చింది.

"పేషెంటుకు మీరు ఏమైతారు?"

"ఎదురంగడి."

"అది బంధుత్వం కాదమ్మా. అక్కా, చెల్లెలా, వదినా, ఏదో ఒకటి రాయాల."

"నీకు తోచింది రాసుకో పాపా. మాకు మాటల్లేవు."

నర్సు మా ఇద్దరినీ చూసి చెల్లెలు అని రాసింది.

"నాకంటే మూడేండ్లు పెద్ద. అక్క అని రాయి" అన్నాను. తప్పు రాస్తే ఊరుకోలేను. నర్సు కొట్టేసి మళ్లీ రాసింది.

"నర్సమ్మా, ఎవరూ పిలవకుండానే ఏంటికి వచ్చిందో కనుక్కో" అన్నాను.

"నర్సమ్మా, ఆయమ్మ అంగడి మూసుకుంటే ఊరి జాకెట్లన్నీ నా మీదనే పడతాయి. ఒక్కదాన్ని కుట్టలేను, అందుకని చెప్పు" అన్నది ఆమె.

నర్సు వెళ్లిపోయింది. పక్క మంచం మీద ఒక అవ్వ ఉంది, గార్లదిన్నె వైపు మనిషి. ఇక ఆమే మాకు దిక్కయింది.

"అవ్వా, ఇడ్లీ తినమని చెప్పు. రేపు పొద్దున నీళ్లు గూడా ఇయ్యరంట."

"ఆకలి లేదని చెప్పవ్వా."

"రెండన్నా తినమను. పచ్చి మిరపకాయ చట్నీ తెచ్చినా."

"చట్నీలో ఉప్పెంత వేసిందో అడుగవ్వా."

అవ్వ లేచి కూర్చుంది. "ఏమ్మే, ఇద్దరికీ నడుమ మూరెడు జాగా లేదు. నేనేమన్నా పోస్టాఫీసునా? నా చెవులు సగమే పనిచేస్తాయి, ఆ సగమూ మీరే తింటాండారు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇక మా మధ్య మిగిలింది సెలైను స్టాండు. తర్వాత ఆమె దానితో మాట్లాడింది.

"మాయమ్మకు గూడా ఇట్లనే పెరిగింది కడుపు. జాకెట్టు బిగుతైతాండాదే పాపా అంటాంటే, నేనే కుట్లు విప్పి ఇచ్చినా. మూడుతూర్లు విప్పినా. మూడోతూరి లోపల బట్ట అయిపోతే పక్కన వేరే గుడ్డ అతుకేసి ఇచ్చినా. శానా బాగా కుట్టినావు పాపా అనింది. డాక్టరు కాడికి పోయేసరికి చేసేదానికేమీ లేదన్నారు."

క్యారియరు గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టింది.

"అప్పుటి నుంచి ఎవరికి కుట్టినా ఒక్క అంగుళమే వదుల్తా."

పిసినారితనమని నేను పదిమందికి చెప్పిన సంగతి ఇదివరకే రాశాను. స్టాండు ఏమీ అనలేదు. నేను రెండు ఇడ్లీలు తిన్నాను. చట్నీలో ఉప్పు ఎక్కువైంది.

పొద్దున నన్ను తీసుకుపోయేటప్పుడు మా ఆయన ఒక పక్క, ఆమె ఒక పక్క నడిచారు. తలుపు దగ్గర ఎదురంగడి ఆమె స్ట్రెచరు తోసే ఆయాతో, "మెల్లగా తోయమ్మా, ఆయమ్మకు ఎవరేం చేసినా తప్పే, జన్మంతా గుర్తు పెట్టుకుంటాది" అన్నది. తర్వాత లైట్లు కనిపించాయి.

గర్భసంచి, అండాశయాలు అన్నీ తీసేశారు. రిపోర్టుకు రెండు వారాలు పడుతుందన్నారు. ఆ రెండు వారాలు ఇంట్లో పడుకుని నాకు రావాల్సిన మర్యాదలు ఎవరెవరు చేయలేదో లెక్క చూసుకున్నాను. కానీ మధ్యమధ్యలో లెక్క తప్పేది. రిపోర్టు గుర్తొచ్చేది. మిషను తొక్కకూడదన్నారు కాబట్టి నా గిరాకీల జాకెట్లు ఎదురంగడి ఆమే కుట్టింది. ఒకటి తెప్పించుకుని లోపలి వైపు తిప్పి చూశాను, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. అదీ ఒక బాధే.

రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ, అది పూర్తి క్యాన్సరూ కాదు, మామూలు గడ్డా కాదు అన్నది. మధ్యరకమట. గడ్డ తీసేశాం కాబట్టి ఇప్పటికి వేరే మందు అవసరం లేదట. మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. ఈలోగా మళ్లీ కడుపు పెరిగినా, తినలేకపోయినా, ఆగకుండా రావాలి.

"ఏదో ఒకటి చెప్పండి మేడం" అన్నాను.

"ఇదే అమ్మా, ఒకటి."

"అంటే బాగున్నట్టేనా?" అన్నాడు మా ఆయన.

"బాగున్నట్టే. కానీ చూసుకుంటూ ఉండాలి."

ఆయన ఆమెకు రెండుసార్లు దండం పెట్టాడు. బయటికి వచ్చాక కళ్లలో దుమ్ము పడిందన్నాడు. మా జిల్లాలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు.

బస్సు దిగేసరికి ఎదురంగడి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, మెడలో టేపు. ఆమెకు వినపడేటట్టు మా ఆయనకు మొత్తం మళ్లీ చెప్పాను. ఆమె మా ఆయననే అడిగింది.

"కడుపు పెరిగితే రమ్మన్నారు సరే. పెరిగిందో లేదో కొలిచేదెవరు అన్నా?"

"తనే కొలుచుకుంటాదిలేమ్మా."

"సొంత కొలత అబద్ధం. టేపు బిగించి పట్టుకుంటాది. తొమ్మిదేండ్లుగా చూస్తాండా."

ఇది ఆమె చేసిన మూడో అవమానం. అదీ నిజమే. అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన ఆమె సందు దాటి మా అంగడికి వస్తుంది. నేను చేతులు పైకెత్తి నిలబడతాను. ఆమె కొలిచి, అంకె గోడకు చెప్పి, తన పుస్తకంలో రాసుకుని పోతుంది. నా పుస్తకంలో రాయదు. మొదటి నెల ముప్పై రెండున్నర. రెండో నెలా అంతే. మొదటి నెల చెయ్యి కూడా కొలిచింది, పది. నా సొంత జాకెట్లకు నేనిప్పుడు ఒక అంగుళమే వదులుతున్నాను. గిరాకీలకు మాత్రం రెండే.

మూడో నెల ముప్పై మూడు వచ్చింది.

ఆమె గోడకు చెప్పలేదు. టేపు తీసి మళ్లీ చుట్టింది. నేను బిగించకుండా ఊపిరి మామూలుగా వదిలాను. ముప్పై మూడే. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సింది ఆ సోమవారమే. నా చేతులు పైనే ఉన్నాయి, దించమని ఎవరూ చెప్పలేదు.

ఆమె నా కుడి చెయ్యి పట్టుకుని కిందికి దించి, భుజం కింద టేపు చుట్టింది. చూసింది. ఎడమ చెయ్యి కూడా కొలిచింది. తన పుస్తకం తీసి పాత అంకె చూసుకుంది.

"పదకొండు" అన్నది. "చేతులకు గూడా వచ్చిండాది."

పుస్తకం మూసి, నా ముఖంలోకి చూసి, మధ్యలో ఎవరూ లేకుండా, నాతోనే అన్నది: "ఇంక నీ జాకెట్టు చంక కాడ పట్టేస్తాది సూడు."

సోమవారం స్కానింగులో కొత్తగా ఏమీ కనిపించలేదు. ఇంటికి వచ్చి జాకెట్టు వేసుకుని చూశాను. పట్టేసింది. ఆ మాట ఆమె నన్ను అనడం ఇది రెండోసారి. రెండూ గుర్తుంటాయి.